డొమైన్ యాజమాన్య ధ్రువీకరణ జరగకపోతే లోపాన్ని కనుక్కునే పద్ధతి

గూగుల్ వెతుకులాటలో మన సైటు ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటును చేర్చి, ఇచ్చిన కోడ్‌ను చెప్పిన చోట పెట్టి, వెరిఫై బటన్ నొక్కిన తర్వాత కూడా యాజమాన్యాన్ని ధ్రువీకరించలేకపోయామనే సందేశం వస్తే, చాలామంది ఆ కోడ్‌ను చెరిపి మళ్లీ పెడతారు, లేదా ఆ పద్ధతిని వదిలేసి మరో పద్ధతికి మారతారు. ఈ రెండు పనుల వల్లా చిక్కు పెరుగుతుందే తప్ప తగ్గదు. అసలు లోపం ఎక్కడుందో తెలియకుండా రికార్డులను మారుస్తూ పోతే, కాసేపటికి ఏది పాతదో ఏది కొత్తదో మనకే తెలియని పరిస్థితి వస్తుంది. అందుచేత ముందుగా ఏదీ మార్చకుండా, గూగుల్ బయటి నుంచి మన డొమైన్‌ను చూసినప్పుడు దానికి ఏమి కనిపిస్తోందో మనమూ అదే విధంగా చూడటం నేర్చుకోవాలి. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ చూసే పద్ధతి గురించే.

ధ్రువీకరణ కోసం గూగుల్ మీ కొనుగోలు రసీదును గానీ గుర్తింపు కార్డును గానీ అడగదు. మీ ఖాతాకు మాత్రమే చెందిన ఒక టోకెన్‌ను ఇచ్చి, ఆ డొమైన్‌పై అదుపు ఉన్నవారు మాత్రమే పెట్టగలిగిన చోట దాన్ని పెట్టమంటుంది. తర్వాత తనంతట తాను వచ్చి అది ఉందో లేదో చూసుకుంటుంది. అది విఫలమైందంటే టోకెన్ గూగుల్ వెతికే చోట లేకపోయి ఉండాలి, అతికించేటప్పుడు రూపు మారి ఉండాలి, వేరే ఖాతాకు చెందినదై ఉండాలి, లేదా సరిగ్గానే ఉన్నా ఇంకా బయటికి కనిపించకుండా ఉండాలి. డొమైన్ పనిచేయకుండా ఆగిపోయిన సందర్భాలు కూడా కొన్ని ఉంటాయి గానీ అవి తక్కువ. వాటి సంగతి చివర్లో చూద్దాం.

ఏ రకం ప్రాపర్టీని ఎంచుకున్నారు

సెర్చ్ కన్సోల్‌లో చేర్చిన సైటును ప్రాపర్టీ అంటారు. అవి రెండు రకాలు. 2019 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టిన డొమైన్ ప్రాపర్టీ కింద మీ డొమైన్, దాని సబ్‌డొమైన్లు, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ చిరునామాలు అన్నీ కలిసి వస్తాయి, కానీ దాన్ని డీఎన్‌ఎస్ (డొమైన్ పేరు వివరాలను ప్రపంచానికి చెప్పే వ్యవస్థ) రికార్డు ద్వారా మాత్రమే ధ్రువీకరించగలరు. యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్ ప్రాపర్టీకి హెచ్‌టీఎంఎల్ ఫైలు, మెటా ట్యాగ్, గూగుల్ అనలిటిక్స్, గూగుల్ ట్యాగ్ మేనేజర్, డీఎన్‌ఎస్ అనే పద్ధతులన్నీ చెల్లుతాయి, అయితే అది మీరు ఇచ్చిన చిరునామాకు అక్షరం పొల్లుపోకుండా కట్టుబడి ఉంటుంది. ముందు డబ్ల్యూలు ఉన్న చిరునామా ఒక ప్రాపర్టీ, అవి లేని చిరునామా మరో ప్రాపర్టీ.

సైటు పేజీలో మెటా ట్యాగ్ పెట్టి, డొమైన్ ప్రాపర్టీ తెరలో వెరిఫై నొక్కుతూ కూర్చునేవారు ఉంటారు. అక్కడ ఆ ట్యాగ్ ఎన్నటికీ లెక్కలోకి రాదు. డీఎన్‌ఎస్ రికార్డులను మార్చే అవకాశం మీకు ఉంటే, మొదటి నుంచీ డొమైన్ ప్రాపర్టీనే ఎంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను. సైటు థీమ్ మారినా, హోస్టింగ్ మారినా, వర్డ్‌ప్రెస్ నుంచి మరో వ్యవస్థకు వెళ్లినా డీఎన్‌ఎస్‌లోని రికార్డు తన చోట తాను ఉంటుంది. మెటా ట్యాగ్ అలా కాదు, థీమ్ మార్చిన రోజునే మాయమవుతుంది.

రికార్డును ఏ ప్యానెల్‌లో చేర్చాలి

డీఎన్‌ఎస్ పద్ధతిలో జరిగే వైఫల్యాలకు ఎక్కువసార్లు కారణమయ్యే పొరపాటు ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను. డొమైన్ కొన్న చోటు వేరు, ఆ డొమైన్ రికార్డులు నిజంగా ఉండే చోటు వేరు కావచ్చు. డొమైన్‌ను ఒక రిజిస్ట్రార్ దగ్గర కొని, హోస్టింగ్‌ను మరో సంస్థ దగ్గర తీసుకుని, సైటు వేగం కోసం క్లౌడ్‌ఫ్లేర్‌ను మధ్యలో పెట్టినవారికి, డీఎన్‌ఎస్ రికార్డులు చేర్చే తెరలు మూడు చోట్ల కనిపిస్తాయి. మూడింటిలోనూ రికార్డు చేర్చవచ్చు, మూడూ దాన్ని భద్రపరిచినట్లే చూపిస్తాయి. కానీ ప్రపంచం అడిగేది ఒక్కదాన్నే. డొమైన్ రికార్డుల గురించి అడిగితే జవాబిచ్చే నేమ్‌సర్వర్లు ఏ సంస్థవో ఆ సంస్థ ప్యానెల్‌లో చేర్చిన రికార్డే చెల్లుతుంది. మిగిలిన రెండు చోట్లా చేర్చినది అద్దెదారు ఖాళీ చేసి వెళ్లిన ఇంటి తలుపుకు చీటీ అంటించినట్లే అవుతుంది.

కాబట్టి మొట్టమొదట నేమ్‌సర్వర్లు ఏవో చూడండి. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఎన్‌ఎస్‌లుకప్ అనే ఆదేశం తర్వాత ఖాళీ వదిలి, హైఫన్ వేసి టైప్ అని రాసి, సమాన గుర్తు పెట్టి ఎన్‌ఎస్ అని చేర్చి, మళ్లీ ఖాళీ వదిలి మీ డొమైన్ పేరు ఇస్తే నేమ్‌సర్వర్ల పేర్లు వస్తాయి. లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ డిగ్ అనే ఆదేశం ఇదే పని చేస్తుంది. ఫోన్ మాత్రమే ఉన్నవారు గూగుల్ అడ్మిన్ టూల్‌బాక్స్‌లోని డిగ్ అనే పేజీని బ్రౌజర్‌లో తెరిచి, డొమైన్ పేరు ఇచ్చి, ఎన్‌ఎస్ అనే మీట నొక్కితే చాలు. వచ్చిన పేర్లలో క్లౌడ్‌ఫ్లేర్ కనిపిస్తే రికార్డు చేర్చాల్సింది క్లౌడ్‌ఫ్లేర్ ఖాతాలో. హోస్టింగ్ సంస్థ పేరు కనిపిస్తే ఆ సంస్థ ఇచ్చే సీప్యానెల్ అనే నిర్వహణ తెరలోని జోన్ ఎడిటర్‌లో. రిజిస్ట్రార్ పేరే కనిపిస్తే డొమైన్ కొన్న చోట.

ఇది తెలిశాక రెండో పరీక్ష చేయాలి. రికార్డు చేర్చిన తర్వాత, మీ ఇంటర్నెట్ సంస్థ ఇచ్చే జవాబును చూడకుండా, నేరుగా ఆ నేమ్‌సర్వర్‌నే అడగండి. ఎన్‌ఎస్‌లుకప్ ఆదేశంలో ఈసారి టైప్ దగ్గర ఎన్‌ఎస్ బదులు టీఎక్స్‌టీ (టోకెన్‌ను పెట్టే పాఠపు రికార్డు రకం) అని రాసి, డొమైన్ పేరు తర్వాత ఖాళీ వదిలి, ముందు తెలుసుకున్న నేమ్‌సర్వర్లలో ఒకదాని పేరు చేర్చండి. ఆ జవాబులో మీ టోకెన్ కనిపిస్తే రికార్డు సరైన చోటే చేరిందని అర్థం. ఇక మిగిలింది వేచి ఉండటమో ఖాతా సంగతో మాత్రమే. ఆ జవాబులోనే కనిపించకపోతే ఎన్ని గంటలు వేచి ఉన్నా ప్రయోజనం లేదు, రికార్డు చేర్చడంలోనే లోపం ఉంది. ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం వల్ల రోజుల తరబడి ఎదురుచూసేవారిని చూస్తే నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే జవాబు నిమిషంలో తెలిసేది.

హోస్ట్ గడి, విలువ గడి

సరైన ప్యానెల్‌లోనే చేర్చినా నేమ్‌సర్వర్ జవాబులో టోకెన్ రాకపోతే, తర్వాత అనుమానించాల్సింది హోస్ట్ గడిని. దీన్ని కొన్ని ప్యానెళ్లు నేమ్ అని, కొన్ని హోస్ట్ అని పిలుస్తాయి. మూల డొమైన్‌కు రికార్డు చేర్చాలంటే కొన్నిచోట్ల @ గుర్తు ఇవ్వాలి, కొన్నిచోట్ల గడిని ఖాళీగా వదలాలి, కొన్నిచోట్ల డొమైన్ పేరును పూర్తిగా రాయాలి. చాలా ప్యానెళ్లు మీరు రాసిన దాని చివర డొమైన్ పేరును తామే చేర్చుకుంటాయి. అటువంటి చోట మీరు ఎగ్జాంపుల్.కామ్ అని పూర్తిగా రాస్తే, రికార్డు ఎగ్జాంపుల్.కామ్.ఎగ్జాంపుల్.కామ్ అనే పేరు మీద తయారవుతుంది. తెరపై చూస్తే అంతా సవ్యంగానే ఉన్నట్లు ఉంటుంది, కానీ గూగుల్ అడిగే పేరు మీద ఏమీ ఉండదు. అనుమానం ఉంటే ఆ రెట్టింపు పేరునే ఎన్‌ఎస్‌లుకప్‌తో అడిగి చూడండి. అక్కడ టోకెన్ దొరికితే లోపం బయటపడినట్లే. హోస్ట్ గడిలో @ పెట్టి, పాత రికార్డును తీసేస్తే సరిపోతుంది.

విలువ గడిలో ఇవ్వాల్సింది గూగుల్-సైట్-వెరిఫికేషన్ అనే మాటతో మొదలై, సమాన గుర్తు తర్వాత పొడవైన అక్షరాల వరుసతో ముగిసే వాక్యం మొత్తం. అది అంతా కలిపి 68 అక్షరాలు ఉంటుంది. సమాన గుర్తు తర్వాతి భాగాన్ని మాత్రమే అతికించేవారు కొందరైతే, మెటా ట్యాగ్‌ను మొత్తంగా కోణాకార బ్రాకెట్లతో సహా తెచ్చి టీఎక్స్‌టీ గడిలో అతికించేవారు కొందరు. టోకెన్‌ను వాట్సాప్‌లో గానీ వర్డ్ ఫైలులో గానీ ఎవరైనా పంపితే, దారిలో నిటారు కొటేషన్ గుర్తులు వంపు గుర్తులుగా మారడం, చివర ఖాళీ చేరడం, మధ్యలో వాక్యం విరిగి రెండు వరుసలు కావడం జరుగుతుంటాయి. అలా వచ్చిన దాన్ని వాడకుండా, సెర్చ్ కన్సోల్ తెరలో ఉన్న కాపీ బటన్‌తోనే తీసుకుని నేరుగా అతికించడం మంచిది. అక్షరాల్లో పెద్దవీ చిన్నవీ వేరువేరుగా లెక్కకు వస్తాయి కాబట్టి చేత్తో చూసి టైపు చేయడం అసలే వద్దు.

మూల డొమైన్ మీద అప్పటికే ఒక టీఎక్స్‌టీ రికార్డు ఉంటే, కొత్తది పెట్టడానికి దాన్ని చెరపాలేమోనని కొందరు సందేహిస్తారు. చెరపకూడదు. ఒకే పేరు మీద టీఎక్స్‌టీ రికార్డులు ఎన్నయినా ఉండవచ్చు. ఆ పాత రికార్డు బహుశా మీ ఈమెయిల్ కోసం పెట్టిన ఎస్‌పీఎఫ్ రికార్డు అయి ఉంటుంది. దాన్ని చెరిపినా, దాని చివర గూగుల్ టోకెన్‌ను కలిపినా, ధ్రువీకరణ కాకపోగా మీ డొమైన్ నుంచి వెళ్లే ఉత్తరాలు ఎదుటివారి స్పామ్ పెట్టెలో పడే ప్రమాదం ఉంది. ఎస్‌పీఎఫ్ రికార్డు డొమైన్‌కు ఒక్కటే ఉండాలనే నియమం దానికి మాత్రమే వర్తిస్తుంది, టీఎక్స్‌టీ రికార్డులన్నిటికీ కాదు. దాన్ని ముట్టుకోకుండా పక్కన వేరే రికార్డుగా చేర్చండి.

ఒక పేరు నుంచి మరో పేరుకు దారి చూపే సీనేమ్ రికార్డు విషయంలో నియమం ఇందుకు పూర్తిగా భిన్నం. ఒక పేరు మీద సీనేమ్ ఉంటే ఆ పేరు మీద ఇంకే రికార్డూ ఉండకూడదు. మూడు డబ్ల్యూల పేరు మీద హోస్టింగ్ సంస్థ సీనేమ్ పెట్టి ఉంటే, అదే పేరు మీద టీఎక్స్‌టీ చేర్చబోతే ప్యానెల్ ఒప్పుకోదు, లేదా ఒప్పుకున్నా అది పనిచేయదు. అప్పుడు సబ్‌డొమైన్‌తో కుస్తీ పట్టకుండా మూల డొమైన్‌ను ధ్రువీకరించండి. దాని కిందికి వచ్చేవన్నీ మీ చేతికి వస్తాయి. క్లౌడ్‌ఫ్లేర్‌లో ధ్రువీకరణ కోసం సీనేమ్ చేర్చేవారు దాని పక్కనున్న నారింజ రంగు మేఘం గుర్తును బూడిద రంగులోకి, అంటే డీఎన్‌ఎస్ ఓన్లీ స్థితికి మార్చాలి. నారింజ రంగులో ఉన్నంతసేపూ బయటివారికి సీనేమ్ జవాబు రాదు, క్లౌడ్‌ఫ్లేర్ సొంత ఐపీ చిరునామాలే వస్తాయి.

ఎంతసేపు వేచి ఉండాలి

నేమ్‌సర్వర్‌ను నేరుగా అడిగినప్పుడు టోకెన్ కనిపించి, సెర్చ్ కన్సోల్‌లో మాత్రం విఫలమవుతుంటే, అప్పుడు వేచి ఉండటానికి అర్థం ఉంది. ప్రతి రికార్డుకూ టీటీఎల్ అనే గడువు సెకన్లలో ఉంటుంది. ఒకసారి తెచ్చుకున్న జవాబును మధ్యలో ఉన్న సర్వర్లు అంతసేపు తమ దగ్గర ఉంచుకుంటాయి. 3600 అంటే ఒక గంట. సీప్యానెల్‌లో సాధారణంగా కనిపించే 14400 అంటే నాలుగు గంటలు. ఉన్న రికార్డును మార్చినప్పుడు పాత జవాబు అంతసేపు నిలిచి ఉండవచ్చు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. రికార్డు లేదు అనే జవాబు కూడా ఇలాగే నిల్వ ఉంటుంది. మీరు రికార్డు చేర్చకముందే ఆత్రంగా వెరిఫై నొక్కితే, అక్కడ ఏమీ లేదన్న జవాబును ఆ సర్వర్ గుర్తుపెట్టుకుని, డొమైన్ మూల వివరాలు ఉండే ఎస్‌ఓఏ రికార్డులో చెప్పిన గడువు ముగిసేదాకా మళ్లీ అడగకుండానే అదే చెబుతుంది. అందువల్ల క్రమం ముఖ్యం: ముందు రికార్డు చేర్చాలి, తర్వాత నేమ్‌సర్వర్‌ను నేరుగా అడిగి ఉందని చూసుకోవాలి, ఆ తర్వాతే వెరిఫై నొక్కాలి. తొందరపడి ముందే నొక్కి ఉంటే, గూగుల్ పబ్లిక్ డీఎన్‌ఎస్ వారి ఫ్లష్ క్యాషె పేజీలో మీ డొమైన్ పేరు, టీఎక్స్‌టీ రకం ఇచ్చి పాత జవాబును తుడిపించవచ్చు, తర్వాత 8.8.8.8 అనే సర్వర్‌ను అడిగి కొత్త జవాబు వస్తోందో లేదో చూడవచ్చు.

నేమ్‌సర్వర్లనే ఇటీవల మార్చి ఉంటే వేచి ఉండే కాలం ఇంకా పెరుగుతుంది. డాట్ కామ్ పేర్ల మూల జాబితాను నడిపే రిజిస్ట్రీ ఇచ్చే నేమ్‌సర్వర్ జవాబుల గడువు 172800 సెకన్లు, అంటే సరిగ్గా రెండు రోజులు. నేమ్‌సర్వర్ మార్పుకు 48 గంటలు పడుతుందని హోస్టింగ్ సంస్థలు చెప్పే మాటకు మూలం అదే. ఆ రెండు రోజులూ కొందరు పాత నేమ్‌సర్వర్‌ను, కొందరు కొత్తదాన్ని అడుగుతుంటారు కాబట్టి, వీలుంటే టోకెన్‌ను రెండుచోట్లా పెట్టి ఉంచడం తెలివైన పని.

ఫైలు పద్ధతి, మెటా ట్యాగ్ పద్ధతి

డీఎన్‌ఎస్ ప్యానెల్ మీ చేతిలో లేనప్పుడు ఈ పద్ధతులే దిక్కు. హెచ్‌టీఎంఎల్ ఫైలును సైటు మూల ఫోల్డర్‌లో, సాధారణంగా పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ అనే ఫోల్డర్‌లో, పేరు గానీ లోపలి పాఠం గానీ మార్చకుండా పెట్టాలి. ఫైలును రెండుసార్లు దించుకుంటే బ్రౌజర్ రెండోదాని పేరు చివర బ్రాకెట్లలో 1 అనే అంకె చేరుస్తుంది; ఆ రెండో ఫైలును ఎక్కించినవారికి పేరు కుదరదు. వర్డ్‌ప్రెస్ మీడియా విభాగం ద్వారా ఎక్కిస్తే అది మూల ఫోల్డర్‌కు వెళ్లదు, అప్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి పోతుంది. ఒకే హోస్టింగ్‌లో రెండు మూడు డొమైన్లు నడిపేవారు ఒక డొమైన్ ఫైలును మరో డొమైన్ ఫోల్డర్‌లో పెట్టడం కూడా మామూలే. ఎక్కించిన తర్వాత సైటు చిరునామా, ఏటవాలు గీత, ఫైలు పేరు కలిపి బ్రౌజర్ ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరవండి. ఒకే ఒక్క వరుస పాఠం కనిపించాలి. లాగిన్ అడిగినా, కమింగ్ సూన్ పేజీ వచ్చినా, వేరే డొమైన్‌కు దారి మళ్లినా గూగుల్ దాన్ని అంగీకరించదు.

మీకు తెరుచుకుని గూగుల్‌కు తెరుచుకోని సందర్భం కూడా ఒకటి ఉంది. భద్రత కోసం దేశం బయటి నుంచి వచ్చే సందర్శకులను అడ్డుకునేలా కొన్ని సర్వర్లను అమరుస్తారు. గూగుల్ తనిఖీ చాలావరకు అమెరికా చిరునామాల నుంచి జరుగుతుంది కాబట్టి, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చూసేవారికి ఫైలు చక్కగా కనిపిస్తుండగా గూగుల్‌కు 403 అనే తిరస్కారం ఎదురవుతుంది. సర్వర్ లాగ్‌లను చూడగలిగితే గూగుల్-సైట్-వెరిఫికేషన్ అనే పేరుతో వచ్చిన అభ్యర్థన, దానికి వెళ్లిన జవాబు సంఖ్య రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. 200 ఉంటే సర్వర్ తప్పు లేదు. 403 ఉంటే ఫైర్‌వాల్ చూసేవారితో మాట్లాడాలి.

మెటా ట్యాగ్ హోమ్ పేజీ హెడ్ భాగంలోనే ఉండాలి, బాడీలో ఉంటే చెల్లదు. ఉందో లేదో చూడటానికి కంట్రోల్, యూ మీటలు కలిపి నొక్కి పేజీ మూలాన్ని తెరిచి, వెరిఫికేషన్ అనే మాట కోసం వెతకండి. ఇన్‌స్పెక్ట్ కిటికీలో చూసి ఉందనుకోవద్దు, ఎందుకంటే అక్కడ కనిపించేది బ్రౌజర్ సరిదిద్దుకుని జావాస్క్రిప్ట్ నడిపిన తర్వాతి రూపం. పేజీ మూలంలో లేకపోతే మొదట క్యాషె ప్లగిన్‌ను అనుమానించండి. వర్డ్‌ప్రెస్ సైట్లలో ట్యాగ్ పెట్టిన తర్వాత క్యాషెను ఖాళీ చేయకపోతే సందర్శకులకు పాత పేజీయే వెళుతుంది. మూలంలో ఉన్నా హెడ్ భాగంలో లేదని గూగుల్ అంటుంటే, ట్యాగ్‌కు పైన ఏముందో చూడండి. హెడ్ భాగంలో ఉండకూడని డివ్ గానీ బొమ్మ ట్యాగ్ గానీ అక్కడ ఉంటే, దాన్ని చదివే యంత్రం హెడ్ అక్కడితో ముగిసిందని లెక్కిస్తుంది, దాని తర్వాత వచ్చే మీ ట్యాగ్ బాడీలో పడుతుంది. ధ్రువీకరణ ట్యాగ్‌ను హెడ్ మొదలవగానే తొలి వరుసల్లో పెట్టడం ఇందుకే మంచిది.

బ్లాగర్‌లో ఎర్రర్ 12

బ్లాగ్‌స్పాట్‌లో ఏళ్ల తరబడి రాస్తున్న తెలుగు బ్లాగర్లు సొంత డొమైన్ కొనుక్కుని దాన్ని బ్లాగుకు కలిపేటప్పుడు, ఆ డొమైన్‌పై మీకున్న అధికారాన్ని ధ్రువీకరించలేకపోయామంటూ ఎర్రర్ 12 వస్తుంది. దీన్ని చూసి కంగారు పడనక్కర్లేదు, ఎందుకంటే ఆ సందేశంతో పాటే రెండు సీనేమ్ రికార్డుల వివరాలు తెరపై వస్తాయి, వాటిని చేర్చడమే పరిష్కారం. మొదటిది అందరికీ ఒకటే: హోస్ట్ గడిలో మూడు డబ్ల్యూలు, గమ్యం గడిలో జీహెచ్‌ఎస్.గూగుల్.కామ్. రెండోది మీ ఖాతాకూ మీ డొమైన్‌కూ ప్రత్యేకం: ఎడమ వైపు అర్థం లేని చిన్న అక్షరాల గుంపు, కుడి వైపు జీవీ అనే అక్షరాలతో మొదలై డీవీ.గూగుల్‌హోస్టెడ్.కామ్ అని ముగిసే పొడవైన చిరునామా. ఎక్కువమంది మొదటిది చేర్చి రెండోదాన్ని వదిలేస్తారు, లేదా మరొకరి వ్యాసంలో చూసిన రెండో రికార్డును తమదిగా చేర్చుకుంటారు. రెండోది ఇతరులది పనికిరాదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. హోస్ట్ గడి డొమైన్ పేరును తానే చేర్చుకుంటుందని ముందు చెప్పిన సంగతి గమ్యం గడికి కూడా కొన్ని ప్యానెళ్లలో వర్తిస్తుంది. అక్కడ గమ్యం చివర చుక్క పెట్టకపోతే గూగుల్ చిరునామా వెనుక మీ డొమైన్ తోక తగులుతుంది. ఎన్‌ఎస్‌లుకప్‌లో టైప్ దగ్గర సీనేమ్ అని అడిగి, వచ్చిన గమ్యాన్ని చివరి అక్షరం దాకా చదవండి. ఇక మూడు డబ్ల్యూల పేరు మీద రిజిస్ట్రార్ పార్కింగ్ పేజీ కోసం పెట్టిన పాత రికార్డు ఉంటే దాన్ని తీసేయాలి. బ్లాగర్‌లో డొమైన్‌ను మూడు డబ్ల్యూలతో కలిపి ఇవ్వాలి. అవి లేని పేరు కూడా పనిచేయాలంటే 216.239.32.21, 216.239.34.21, 216.239.36.21, 216.239.38.21 అనే నాలుగు ఐపీ చిరునామాలను ‘ఏ’ (A) రకం రికార్డులుగా మూల డొమైన్‌కు చేర్చి, బ్లాగర్ సెట్టింగుల్లో దారి మళ్లింపును ఆన్ చేయాలి.

డొమైన్ పేరే తెలుగులో ఉన్నవారికి, అంటే డాట్ భారత్ కింద తెలుగు లిపిలో పేరు తీసుకున్నవారికి ఒక అదనపు మెట్టు ఉంది. డీఎన్‌ఎస్ వ్యవస్థలో తెలుగు అక్షరాలు నేరుగా ఉండవు. ఆ పేరు ఎక్స్‌ఎన్ అనే అక్షరాలూ రెండు హైఫన్లతో మొదలయ్యే ప్యూనీకోడ్ రూపంలో ఉంటుంది. చాలా ప్యానెళ్లూ, పరీక్షించే ఆదేశాలూ ఆ రూపాన్నే సరిగ్గా అర్థం చేసుకుంటాయి. ఆ రూపాన్ని రిజిస్ట్రార్ ప్యానెల్ నుంచే తీసుకోండి. మీరే కీబోర్డుపై కొట్టి మార్పిడి చేస్తే, పొల్లు తర్వాత కంటికి కనబడకుండా చేరే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు వల్ల వేరే పేరు తయారయ్యే అవకాశం ఉంది.

టోకెన్ ఎవరి ఖాతాది

అన్నీ సరిగ్గా ఉన్నా ధ్రువీకరణ జరగకపోతే, బ్రౌజర్ మూలన ఉన్న బొమ్మపై నొక్కి ఏ జీమెయిల్ ఖాతాలో ఉన్నారో చూడండి. టోకెన్ ఖాతాకు కట్టుబడి ఉంటుంది. సొంత ఖాతాలో టోకెన్ తీసుకుని, ఆఫీసు ఖాతాలో వెరిఫై నొక్కితే, నేమ్‌సర్వర్‌లో ఉన్న టోకెన్ నిజమైనదే అయినా గూగుల్ వెతికే టోకెన్ అది కాదు. డెవలపర్ పెట్టి వెళ్లిన టోకెన్ ఉంది కదా అని యజమాని అనుకున్నా ఇదే జరుగుతుంది. ఇద్దరి టోకెన్లూ పక్కపక్కనే ఉండవచ్చు. ఒకటి ఉంచడానికి మరొకటి తీయనక్కర్లేదు.

అయితే సైటు చేతులు మారినప్పుడు, పని మానేసిన డెవలపర్ ఖాతాను సెర్చ్ కన్సోల్ యూజర్స్ అండ్ పర్మిషన్స్ జాబితా నుంచి తొలగించడంతో సరిపెట్టకూడదు. అతని టోకెన్ డీఎన్‌ఎస్‌లోనో, ఫోల్డర్‌లోనో, థీమ్‌లోనో మిగిలి ఉంటే అతను మళ్లీ ధ్రువీకరించుకోగలడు. అదే సెట్టింగులలో వాడుకలో లేని యాజమాన్య టోకెన్లను చూపే చోటు ఉంది; దాన్ని చూసి ఆ టోకెన్లను అసలు చోటి నుంచే తీసేయాలి. మీ సొంత టోకెన్‌ను మాత్రం పని అయిపోయిందని ఎన్నడూ తీయవద్దు. గూగుల్ అప్పుడప్పుడూ మళ్లీ తనిఖీ చేస్తుంది, టోకెన్ కనిపించకపోతే కొంత గడువు తర్వాత యాజమాన్యం రద్దవుతుంది.

డొమైనే ఆగిపోయినప్పుడు

ఏ రికార్డును అడిగినా జవాబు రాకపోతే డొమైన్ స్థితిని, నమోదు వివరాలు చూపే హూయిజ్‌లో చూడండి. క్లయింట్ హోల్డ్ అని ఉంటే రిజిస్ట్రార్ దాన్ని నిలిపివేశారని అర్థం. డాట్ కామ్ వంటి డొమైన్లను కొన్నప్పుడు, నమోదైన ఈమెయిల్‌కు వచ్చే లంకెను నొక్కి 15 రోజుల్లోగా ధ్రువీకరించాలని, డొమైన్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ నిబంధన ఉంది. ఆ ఉత్తరాన్ని స్పామ్‌లో వదిలేసినవారి డొమైన్ ఇలా ఆగుతుంది. ఇది గూగుల్ అడిగే ధ్రువీకరణ కాదు, రెండింటినీ కలిపి గందరగోళ పడవద్దు. రిజిస్ట్రార్ ప్యానెల్ నుంచి ఆ ఉత్తరాన్ని మళ్లీ పంపించుకోవచ్చు.

జవాబుగా సర్వర్ ఫెయిల్ అనే అర్థం వచ్చే సందేశం కనిపిస్తే, ఇటీవల నేమ్‌సర్వర్లు మార్చి ఉంటే, డీఎన్‌ఎస్ జవాబులపై సంతకం వేసే డీఎన్‌ఎస్‌సెక్ అనే భద్రతా ఏర్పాటును అనుమానించండి. పాత సంస్థ దగ్గర దాన్ని ఆన్ చేసి ఉండగా నేమ్‌సర్వర్లు మార్చితే, రిజిస్ట్రీలో ఆ సంతకాలను సరిచూసే పాత డీఎస్ రికార్డు మిగిలిపోతుంది. కొత్త జవాబుల సంతకాలు దానితో సరిపోవు కాబట్టి సంతకాలను పరీక్షించే గూగుల్ డీఎన్‌ఎస్ మొత్తం డొమైన్‌నే తిరస్కరిస్తుంది. సంతకాలను పరీక్షించని ఇంటర్నెట్ సంస్థ ద్వారా చూసేవారికి మాత్రం సైటు తెరుచుకుంటూనే ఉంటుంది. రిజిస్ట్రార్ ప్యానెల్‌లో పాత డీఎస్ రికార్డును తొలగిస్తే, దాని గడువు తీరాక అంతా సర్దుకుంటుంది.

ఇంతవరకు చెప్పిన పరీక్షలు గూగుల్‌కే పరిమితం కావు. మైక్రోసాఫ్ట్ 365 అడిగే, ఎంఎస్ అని మొదలయ్యే టీఎక్స్‌టీ రికార్డుకూ, ఫేస్‌బుక్ పేజీల యజమానులను మెటా అడిగే ఫేస్‌బుక్-డొమైన్-వెరిఫికేషన్ రికార్డుకూ ఇదే క్రమం వర్తిస్తుంది. సైటు హెచ్‌టీటీపీఎస్‌కు వాడే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ కోసం అండర్‌స్కోర్ ఆక్మీ హైఫన్ ఛాలెంజ్ అనే పేరు మీద పెట్టే టీఎక్స్‌టీ విలువ కొత్తగా ధ్రువీకరించిన ప్రతిసారీ మారుతుంది, కాబట్టి దాని విషయంలో మాత్రం పాత విలువను దాచుకుని ప్రయోజనం లేదు.

ఇవన్నీ చూసిన తర్వాత కూడా దారి దొరకక హోస్టింగ్ సంస్థకు గానీ రిజిస్ట్రార్‌కు గానీ రాయాల్సి వస్తే, ధ్రువీకరణ కావడం లేదని మాత్రమే రాయవద్దు. డొమైన్ పేరు, ఎన్‌ఎస్ అడిగినప్పుడు వచ్చిన నేమ్‌సర్వర్లు, వారి నేమ్‌సర్వర్‌నే నేరుగా టీఎక్స్‌టీ అడిగినప్పుడు వచ్చిన జవాబు, ప్యానెల్‌లో హోస్ట్ గడి, విలువ గడి రెండూ కనిపించే చిత్రం, రికార్డు చేర్చిన తేదీ, సమయం ఒకే ఉత్తరంలో పంపండి. వేచి ఉండండి అనే మామూలు జవాబుతో సరిపెట్టే అవకాశం వారికి అప్పుడు ఉండదు, తమ నేమ్‌సర్వర్ ఆ రికార్డును ఎందుకు ఇవ్వడం లేదో వారే చూడవలసి వస్తుంది.